దొరగారి పడవలో పాయిఖానా

ఏలూరు, శుక్రవారం

అమ్మకు సోమరాజు నమస్కారాలు. నేను ఒంట్లో బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

దొరగారు కొల్లేట్లో షికారు తిరిగే చిన్న తెరచాప పడవకు మదరాసు నుంచి తెప్పించిన పింగాణీ పాయిఖానా బిగించాను. పడవ అడుగున కన్నం చేసి, గొట్టం దింపి, చుట్టూ తారు పోశాను. నిన్న పొద్దున సరస్సు నడుమకు తీసుకెళ్ళి పంపు కొట్టి చూస్తూంటే గొట్టంలోంచి, "అన్నయ్యా, చలేస్తోంది" అని వినబడింది. అచ్చం మన సూర్రావు గొంతు. పడవ నడిపే భీమరాజుగారు కూడా విన్నారు. "పలక్కండి బాబూ, నీళ్ళలోంచి ఎవరు పిలిచినా పలక్కూడదండి" అన్నారు. పలకలేదు. గొట్టానికి చెక్క బిరడా కొట్టేశాను. ఒడ్డు చేరేదాకా దాని కింద గోళ్ళతో గీకుతున్న చప్పుడు వస్తూనే ఉంది. ఆ పడవ ఇంక ఎక్కనని దొరగారితో చెప్పేశాను.

ఆవు ఈనిందా? నా దుప్పటి గూడెం నుంచి వచ్చేవాళ్ళ చేత పంపించు. తమ్ముడు సూర్రావుని నా దగ్గరకు పనికి పంపుతానన్నావు, పంపకు. నాన్నగారికి నమస్కారాలు, చెల్లాయికి ఆశీస్సులు.

వాడు ఇప్పటికే బయల్దేరి ఉంటే వెంటనే టెలిగ్రాం ఇప్పించు. ఇక్కడికైతే ఇంకా రాలేదు.

సోమరాజు