తెరచాప ముడి

అక్కా,

నీ మరిది కుడిచెయ్యి ఎలా ఉందని అడిగావు. పక్షవాతం వచ్చాక ఆయన తను చేస్తున్న చెక్క ఓడను బీరువా మీద పెట్టేసి, మళ్లీ దాని మొహం చూడలేదు. తెరచాపలు కట్టడమొక్కటే మిగిలింది. ఎంత బతిమాలినా "ఇక నావల్ల కాదు" అన్నారు. మొన్న నేనే దాన్ని దించి, ఆయన ఎదుటే కూర్చుని, సన్నటి తాళ్లకు కావాలనే పిచ్చి ముడులు వేశాను.

కాసేపు ఓర్చుకున్నారు. ఆ తర్వాత "అది ఓడ తల్లీ, నీ జడ కాదు! ఇటివ్వు!" అంటూ లాక్కున్నారు, ఆ కుడిచేత్తోనే. ఒక్క ముడికి గంట పట్టింది. "చూశావా? ఇలా కట్టాలి" అన్నారు గర్వంగా.

ఇంకా నలభై ముడులున్నాయి. ఎన్నిసార్లు చూపించినా నాకు రావడం లేదని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నారు. నువ్వొచ్చినప్పుడు నోరు జారకు.

నీ మొద్దు చెల్లెలు