కన్నార్పితేనే దెబ్బ

సోమన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వదినను చూసి రావాల్సింది, కానీ కురవిలో నాటకం ఉందని పొద్దున్నే బస్సెక్కాను. తెలంగాణ కోసం ఊరూరా ఆడుతూనే ఉన్నాం. గొంతులు పోయాయి, మోకాళ్లు పోయాయి, రాష్ట్రం మాత్రం ఇంకా రాలేదు.

నేనింకా పోలీసునే. నీ విద్యార్థి వేషం ఇప్పుడు యాకయ్య వేస్తున్నాడు. నువ్వు నేర్పిన పద్ధతే. కింద పడ్డవాడు సైగ చేశాకే లాఠీ దిగాలి, అదీ వీపు పక్కన నేల మీద. "కొట్టేటోని చేతుల ఏం లేదురా, అంతా తినేటోని చేతులనే ఉంటది" అనేవాడివి. నువ్వు ఒక్కసారి కన్నార్పేవాడివి. యాకయ్య లాఠీ లేవగానే భయంతో కళ్లు గట్టిగా మూసుకుంటాడు. అందుకని వేలు ఆడించమన్నాను.

ఇవాళ వాడు వేలు ఆడించాడట. నేను లాఠీ ఎత్తి అట్లాగే నిలబడిపోయాను. జనమంతా నా లాఠీనే చూస్తున్నారు.

"కొట్టన్నా, జల్ది!" అని వాడు కిందనుంచి గొణిగాడు. అప్పుడు కొట్టాను.

నాటకం అయ్యాక ఒక అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఈ వేషానికి రోజూ తిట్లే కదా, ఇవాళా అవే అనుకున్నాను.

"పోలీసోనివైనా నీకు జర జాలి కలిగింది బిడ్డా" అంది.

"అవునవ్వా" అన్నాను.

జాలి కాదన్నా. మూసుకున్న వాడి కళ్లనే చూస్తూ, నువ్వు కన్నార్పుతావని ఆగాను.