ప్రార్థనలో పెట్టిన రేటు

వాట్‌గంజ్, 1961 ఫిబ్రవరి 3

చిరంజీవి దయారత్నాన్ని పెద్దమ్మ కాంతం ప్రభువు పేరిట దీవించి వ్రాయునది.

నీ నడుమునొప్పి తగ్గిందా? కోడలు జెరూషా దగ్గు ఎలా ఉంది? పిల్లకి పళ్ళు వస్తున్నాయా? వస్తే జ్వరం కూడా వస్తుంది, చూసుకోండి. నాకు మోకాళ్ళున్నాయి. ఉన్నామని రోజూ చెబుతున్నాయి.

మీ పెదనాన్న పోయిన దగ్గర్నుంచి గోదాముల ఆఫీసుకి ఈనెచీపుర్లు నేనే కట్టి ఇస్తున్నాను కదా. నా పొయ్యి వెలిగేది దానితోనే. మొన్న బెంగాలీ పెద్దగుమాస్తా బాబు పిలిచి, కొనుగోళ్ళ రూలు మారింది బుడీమా (ముసలిదాన్నని అలాగే పిలుస్తాడు), ఇకమీద నోటిమాట చెల్లదు, టెండరు సీలు వేసిన కవరులో ఇవ్వాలి అన్నాడు. ఏటి నాయనా ఇది? చీపురు కవరులో ఎలా పడుతుంది? నిద్ర పట్టడం లేదు. నువ్వు రైల్వే గుమాస్తావి, నీకు తెలుస్తుంది. వెంటనే వ్రాయి.

మీ అందరి కోసం బెంగపడే
పెద్దమ్మ కాంతం

తా.క. ఒక చీపురు మడిచి చూశాను. విరిగింది.


సంత్రాగాఛి, ఫిబ్రవరి 8

పెద్దమ్మకు దయారత్నం వందనాలు.

అందరం కులాసా. కవరులో పెట్టవలసింది చీపురు కాదు, దాని రేటు. కాగితం మీద వ్రాసి, లక్కతో సీలు వేసి, ఆఫీసు పెట్టెలో వెయ్యి. మార్చి 3న తెరుస్తారు. అందరికంటే తక్కువ రేటు ఎవరిదైతే పని వాళ్ళకే. అంతవరకు నీ రేటు ఎవరికీ తెలియకూడదు. బెంగగా ఉంటే ప్రభువుకు చెప్పుకో.

ఇట్లు
దయారత్నం

తా.క. పదిహేడో తేదీ శుక్రవారం మీ వీధి ప్రార్థన కూడికకు జెరూషా వస్తుంది.


వాట్‌గంజ్, ఫిబ్రవరి 18

నాయనా దయారత్నం, దీవెనలు.

జెరూషా దగ్గు తగ్గలేదు, మిరియాల కషాయం పట్టించు. నువ్వు చెప్పినట్టే చేశాను. పెద్దగుమాస్తా బాబుకి కూడా రేటు చెప్పలేదు. నిన్న కూడికలో ప్రభువు ఒక్కడికే చెప్పాను. మెల్లగా ప్రార్థించడం నాకు రాదు. మీ పెదనాన్నకి చెవుడు కదా, ఆ అలవాటే ఉండిపోయింది. అందరూ ఆమెన్ అన్నారు. జెరూషా అయితే నా పక్కనే మోకరించి, "ప్రభువుకు అంకె సరిగా వినబడిందో లేదో, ఇంకోసారి చెప్పండి అత్తయ్యా" అంది. చెప్పాను. దానికి అంత భక్తి ఉందని నాకు తెలియదు. వెళ్ళేటప్పుడు నా దగ్గర మిగిలిన లక్క అడిగి పట్టుకెళ్ళింది.

నీ పెద్దమ్మ
కాంతం

తా.క. రేటు ఎంతో నీకు కూడా వ్రాయను. రహస్యమన్నావు కదా.


వాట్‌గంజ్, మార్చి 6

దయారత్నానికి కాంతం వ్రాయునది.

నీ నడుము కులాసాయేనా? పిల్ల కులాసాయేనా? జెరూషా గొంతు ఎలా ఉంది?

నీ కార్డు అందింది. టెండరు ఎవరికో పోయిందట, ప్రభువు చిత్తం అన్నావు. పెట్టె తెరిచేటప్పుడు నేను అక్కడే ఉన్నాను నాయనా. కొత్త రూలులో అదొక్కటే మంచిది, పేర్లు అందరి ముందూ చదవాలట. చదివారు. జెరూషా, సంత్రాగాఛి. నాకంటే ఒక్క నయాపైసా తక్కువ. సీలు నా లక్కే, ఎరుపు చూసి పోల్చుకున్నాను.

దానికి చీపురు కట్టడం రాదు కదా, మీరే కట్టండి అత్తయ్యా, కూలి ఇస్తాం అని నిన్న కబురు పెట్టింది. కడతాను. తినాలి కదా. కానీ మనసు భారంగా ఉంది. మీ గుడిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి ప్రభువుకు అన్నీ చెప్పుకుంటాను, పేర్లతో సహా.

నీ పెద్దమ్మ
కాంతం

తా.క. నాకు మెల్లగా రాదని నీకు తెలుసు. స్టేషనుకి రానక్కరలేదు. మార్చి 12, ఆదివారం, మొదటి లోకల్‌కే వస్తున్నాను.