డూపు నడిపిన పరీక్షను రద్దు చేయుట గురించి

కృష్ణానగర్, హైదరాబాదు
ఆగస్టు, 2005

ప్రాంతీయ రవాణా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: హెవీ లైసెన్సు పరీక్షలో నా బదులు వేరొకరు లారీ నడపగా నేను ఉత్తీర్ణురాలినైనందున, సదరు లైసెన్సును రద్దుపరచి, నాకు నిజముగా పరీక్ష పెట్టవలసినదిగా కోరుట.

సినిమా కాస్ట్యూమర్ సత్యనారాయణ గారి కుమార్తె మంజులత, బి.కాం., విన్నవించుకొనునది:

1. మా ఇంట్లో వారు నన్ను మొదటి నుంచీ తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. లారీ డ్రైవరును అవుతానని నేను తెలుగులోనే చెప్పాను. మా అమ్మ శకుంతలమ్మ గారు విని, "ఏ బేనరే?" అని అడిగారు. బేనరు కాదమ్మా, లారీ అన్నాను. "అదేలే, హీరోయినా, హీరో చెల్లెలా?" అన్నారు. సాయంత్రానికి మా వీధిలో సగం మందికి నాకు వేషం దొరికిందని తెలిసిపోయింది. మిగతా సగం మంది వేషాలు దొరకనివారు. వారు మాతో మాట్లాడడం మానేశారు.

2. అంతకుముందు నేను మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో పనిచేశాను. అక్కడ నాకు నాన్సీ అని పేరు పెట్టి, అమెరికా వారి ప్రింటర్లు ఎందుకు పనిచేయడం లేదో చెప్పించారు. ఆ ప్రింటరును నేను ఎన్నడూ చూడలేదు. మానేశాను. మా కింది వాటాలో అద్దెకుండే వీరయ్య గారు షూటింగులకు లైట్లు, జనరేటర్లు మోసే లారీ నడుపుతారు. అంతకుముందు చాలా ఏళ్లు నాగపూర్ రూట్లో తిరిగారు. షూటింగు లేని రోజుల్లో ఫిల్మ్ నగర్ వెనుక ఖాళీ స్థలంలో ఆయనే నాకు లారీ నేర్పారు. "క్లచ్చి మీద కాలు పండవెట్టకు బిడ్డా, గది దిండు కాదు" అనేవారు. ఇప్పుడు పెట్టడం లేదు. లోడు ఉన్న బండినీ, లేని బండినీ నడపగలను.

3. నేను చెబుతున్నది వేషం గురించి కాదని మా నాన్నగారికి కొంత ఆలస్యంగానైనా అర్థమైంది. అర్థమయ్యాక ఆయన చేసిన పని ఇది: పరీక్షకు ముందురోజు తమ కార్యాలయానికి వెళ్లి, తనిఖీ అధికారి గారిని కలిసి, మా అమ్మాయి ఒక చిత్రంలో లారీ డ్రైవరుగా నటిస్తున్నది, అందుకే లైసెన్సు అని చెప్పి వచ్చారు. ఎందుకు నాన్నా అని అడిగితే, "వేషమంటే ఎవడూ ఏమీ అనడే. నిజంగానే లారీ తోలుతుందంటే నేను ఎవడికి ఏం చెప్పుకోను?" అన్నారు. అంతటితో ఆగక కొత్త ఖాకీ చొక్కా ఒకటి కుట్టించి, పాతదిలా కనపడాలని టీ డికాషన్‌లో నానబెట్టి, ఆరబెట్టి, మోచేతుల దగ్గర ఇటుకతో రుద్ది ఇచ్చారు. ప్రేమతోనే ఇచ్చారు గనుక వేసుకున్నాను. అది నా పొరపాటు.

4. పరీక్ష రోజున వీరయ్య గారు తెచ్చిన లారీ మీద సినిమా లైట్లు ఉన్నాయి. నా ఒంటి మీద ఆ చొక్కా ఉంది. తనిఖీ అధికారి గారు అద్దంలో తల దువ్వుకొని బయటికి వచ్చారు. నేను స్టీరింగు ముందు కూర్చుని ఉండగా, "అమ్మా, మీరు పక్క సీట్లకు జరుగుండ్రి. రిస్కు షాట్లకు డూపు ఉండాలె గద. వీరయ్యా, నువ్వు తిప్పు" అన్నారు.

"సారూ, బిడ్డనే తిప్పుతది. నాకు లైసెన్సు ఉన్నది, నాకెందుకు పరీక్ష?" అన్నారు వీరయ్య గారు.

"ఇన్నేండ్లు షూటింగులల్ల తిరిగినవ్, గింత తెల్వదా? ఆమెకు దెబ్బ తాకితే రేపు ప్రొడ్యూసర్ నా మీదికొస్తడు."

నేను దిగలేదు. "సార్, ఇది షూటింగు కాదు. ఈ లారీ నేనే నడుపుతాను. నడపడానికే వచ్చాను" అన్నాను. ఆయన "డైలాగు మంచిగున్నదమ్మా. జర కోపం పెంచుండ్రి" అన్నారు. నాకు నిజంగానే కోపం పెరిగింది. దానిని కూడా మెచ్చుకున్నారు.

వెనుక చాలా బళ్లు వరుసలో ఉన్నాయి, అందరూ హారన్లు కొడుతున్నారు. పక్క సీటుకు జరగక తప్పలేదు. చివరకు లారీని ఎనిమిది అంకెలా తిప్పినది, రివర్సులో పెట్టినది, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించినది వీరయ్య గారు. ఆయన ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే గనుక బాగానే చేశారు. నేను పాసయ్యాను. అటు పిమ్మట నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి తమ సిబ్బంది అంతా ఫొటోలు దిగారు.

మోటారు వాహనాల చట్టంలో డూపు ప్రస్తావన నాకు ఎక్కడా కనపడలేదు.

5. సదరు లైసెన్సు పట్టుకొని ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్టు నడిపే లక్ష్మయ్య గారి వద్దకు పనికి వెళ్లాను. ఆయన ఏమీ అడగకుండా, రెండు లారీల మధ్య ఉన్న సందులోకి తన లారీని రివర్సులో పెట్టమన్నారు. పెట్టాను. దిగాక టీ తెప్పించి, "పరీక్షల ఏమేం చేయించిండ్రు బిడ్డా?" అన్నారు. అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఇంట్లో, తమ ఆఫీసులో అందరూ నా గురించి అవే చెబుతూ ఉన్నారు గనుక నేను చెప్పలేదు. జరిగింది చెప్పాను. నా లైసెన్సు కార్డును ఆయన తిరిగి నా చేతిలో పెట్టేశారు.

"నువ్వు నడుపుతవ్, నా కండ్లతోని చూసిన. గని నిర్మల్ ఘాట్ల బండి ఒరిగి ఎవలకన్న దెబ్బ తాకితే, నీ పరీక్ష ఎవలిచ్చిండ్రని అడుగుతరు. అప్పుడు వీరయ్యను పిలుస్తవా? పో, సొంతంగ పాసయి రా. సీటు నీకే ఉంచుత. గని నేను ఆగినా లోడు ఆగది బిడ్డా."

నాకు ఇవ్వజూపిన ఒకే ఒక నిజమైన పని ఇది. చేతిలో లైసెన్సు ఉండటం వల్లనే అది ఆగిపోయినది.

కావున దీనితో జతపరచిన కార్డును రద్దు చేసి, తిరిగి పరీక్షకు తేదీ ఇప్పించ ప్రార్థన. ఆ రోజు నా పక్క సీటులో తనిఖీ చేయువారు తప్ప వేరెవ్వరూ ఉండరాదు. మా నాన్నగారిని గేటు వద్దనే ఆపవలెను. వీరయ్య గారు వద్దనే చెప్పారు గనుక ఆయన మీద చర్య తగదు. సదరు తనిఖీ అధికారి గారి మీద కూడా నాకు కక్ష లేదు. పాటలు బాగా పాడతాడని చెప్పి ఆయన వ్రాసిచ్చిన, తన తమ్ముడి కుమారుని ఫోను నంబరును మాత్రం ఇందుతో తిప్పి పంపుచున్నాను. నాకు తెలిసిన నిర్మాతలు ఎవరూ లేరు.

ఈ సంగతులన్నీ ఓపికగా చిత్తగించి, నేను నడపగా తమరు చూడవలెనని కోరుచు,

తమ విధేయురాలు,
మంజులత

తా.క.: మా అమ్మ ఇప్పుడే దీన్ని చదివి, "ఇంత బాగా రాస్తావు, డైలాగులు రాసుకోకూడదుటే?" అంది.

తమ జవాబు కోసం నేను ఇంట్లో కూర్చోవడం లేదు. బుధవారం పొద్దున లక్ష్మయ్య గారి లారీ ఎక్కి నాగపూర్ వెళుతున్నాను, క్లీనరుగా. టైర్లు కొట్టి చూడడం, టార్పాలిన్ తాళ్లు బిగించడం, రివర్సు తీసేటప్పుడు వెనకాల నిలబడి "ఆనే దో" అని అరవడం నా పని. పరీక్ష పెట్టేదాకా అదే చేస్తాను. పెట్టాక నడుపుతాను. ఇంట్లో చెప్పేశాను. తేదీ తెలిపే ఉత్తరం ఆటోనగర్ ఆఫీసుకు పంపండి.