ముప్ఫై ఎనిమిది, పీపీ

3 జూన్ 1973, ఆదివారం

మా కుర్రాళ్ళ పాటల పార్టీ కార్డులు అచ్చయి వచ్చాయి. పసుపు అట్ట, ఎర్ర అక్షరాలు. ఆఫ్ సీజన్ పార్టీ, చోడవరం. గిటార్లు, డ్రమ్ములు, సొంత పాటలు. కింద ఫోన్ 38, పక్కన పీపీ. అంటే ఫోన్ వాళ్ళది కాదు, ఎవరిదో. చేస్తే మనిషిని పిలుచుకొస్తారు అని అర్థం. ఆ ముప్ఫై ఎనిమిది మా ప్లీడరు లక్ష్మీనరసింహం గారి ఆఫీసు నంబరు. ఎత్తేది ఆయన గుమస్తా అనంతరామయ్య, అంటే నేను. ఇరవై ఏడేళ్ళుగా ఎత్తుతున్నాను.

ప్లీడరు గారిని ఒప్పించడానికి నెల పట్టింది. వీళ్ళ గొడవలో క్లయింటు కాల్ ఒక్కటి తప్పిపోయినా నిన్ను కూడా ఆఫ్ సీజన్ చేసేస్తానయ్యా అన్నారు. చెయ్యనివ్వండి.

నలుగురూ చక్కెర ఫ్యాక్టరీలో సీజనల్ వర్కర్లు. చెరుకు ఆడినన్నాళ్ళూ డ్యూటీ, తర్వాత ఆఫ్ సీజన్, అంటే ఖాళీ. ఆ ఖాళీలోనే పాట. గణపతిరావు రాస్తాడు, పాడతాడు, గిటారు వాయిస్తాడు. బంగార్రాజు డ్రమ్ములు. పరదేశిది రెండో గిటారు, సత్యారావుది అకార్డియన్. సినిమా పాట ఒక్కటి ముట్టుకోరు. చచ్చినా ముట్టుకోరు. అది వాళ్ళ పొగరు. నాకు నచ్చిందీ అదే.

మా ఆవిడ కమలాంబ మాత్రం యాభై రెండేళ్ళొచ్చి కుర్రాళ్ళ వెనకాల ఊరూరా తిరగడమేమిటి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంది. కత్తిపీటనే. ఏం చెయ్యను.

10 జూన్

రావికమతం పెళ్ళిలో ప్రోగ్రాము. ఈ ఏడాది మొదటిది. మొన్నటి ప్రత్యేక రాష్ట్రం ఆందోళన రోజుల్లో బస్సులే లేవు, ఇంక పాటలెక్కడ.

రెండో పాటకే గోల. సినిమా పాట ఎయ్యండ్రా అని వెనకనించి కేకలు. గణపతిరావు మైకు దగ్గరికి జరిగి, మాకు రావు బాబూ, ఇంటికెల్లి రేడియో ఎట్టుకోండి అన్నాడు. అంతే, మట్టిబెడ్డ వచ్చి డ్రమ్ము మీద పడింది. బంగార్రాజు దాన్ని తియ్యలేదు. ఆ బెడ్డ ఎగిరెగిరి పడేలా తాళం వేశాడు. పిల్లలు నవ్వారు. నేను వెనక్కి వెళ్ళి బెడ్డ విసిరినవాడి చొక్కా పట్టుకున్నాను. నా గొడుగు విరిగింది. వాడు పెళ్ళికొడుకు మేనమామట. అయితే ఏం.

చివర్లో చెరుకు బండి పాట పాడారు. నాలుగేళ్ళ కిందట వడ్డాది సంతలో మొదటిసారి విన్నాను. ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు లైన్లో ఆగిపోయిన బండివాడు తన ఎడ్లతో మాట్లాడతాడు. చెరుకు ఎండిపోతోంది, కోపం రావడం లేదు, ఆకలి కూడా రావడం లేదు, మీకేమైనా వస్తోందా అని అడుగుతాడు. అలాంటి మనుషుల దావాలు నేను వందల కొద్దీ రాశాను. వాది సవినయముగా మనవి చేయునదేమనగా అని. ఒక్కసారీ కన్ను తడవలేదు. ఆ రోజు వడ్డాదిలో టార్పాలిన్ కింద నించుని ఏడ్చాను. అప్పట్నించి వాళ్ళని వదల్లేదు.

కాలేజీ లెక్చరరు ఒకాయన దీన్ని రాక్ మ్యూజిక్ అంటారండీ అన్నాడు. అననీ.

21 జూన్, గురువారం, మధ్యాహ్నం 3.40

ఆఫీసులోనే కూచుని రాస్తున్నాను.

ట్రంక్ కాల్ వచ్చింది. మెడ్రాసు నించి. ప్లీడరు గారు కోర్టులో ఉన్నారు. గ్రామఫోను రికార్డులు తీసే కంపెనీ అట. మాట్లాడినాయన తెలుగువాడే, బాగా తొందరలో ఉన్నాడు. చెరుకు బండి పాట పాడిన గణపతిరావు కావాలి, రేపు ఇదే టైముకి పిలిపించి ఉంచండి అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

మెడ్రాసు సంగతి నాకు తెలీదా? గొంతు బాగున్నవాడిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళని మెయిలు బండెక్కించి పంపేస్తారు. గణపతిరావు వెళ్ళాక ఇంకేముంది? బంగార్రాజు ఒక్కడూ కూచుని కొట్టుకోవాలా?

పార్టీ ఊళ్ళో లేడండీ, పదిహేను రోజులు టైము ఇప్పించండి అని కోర్టు భాషలో అనేశాను.

ఆలోచించి అన్న మాట కాదు. ఏ కేసొచ్చినా మా ఆఫీసు మొదట చేసే పని వాయిదా అడగడం. వాయిదా దొరికితే సగం గెలిచినట్టే అంటారు మా ప్లీడరు గారు. ఈలోగా సాక్షి మనసు మారొచ్చు, జడ్జికి బదిలీ రావొచ్చు, ఎదుటివాడు విసిగిపోవచ్చు. ఆ పిటిషన్లన్నీ నా చేత్తో రాసినవే.

సరే లెండి, ఆయన ముందే వస్తే చెయ్యమనండి అని తన నంబరు చెప్పాడు. వకాల్తా ఫారం వెనక రాసుకున్నాను. కేసుల డైరీలో జూలై 6 కింద మెడ్రాసు అని వేశాను.

హాయిగా ఉంది. ఈ మాట ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను.

22 జూన్

గణపతిరావు వచ్చాడు. ఫోనేటైనా వచ్చిందా గుమస్తా గారూ అన్నాడు. లేదన్నాను.

25 జూన్

మళ్ళీ వచ్చాడు. మళ్ళీ లేదన్నాను. రోజూ ఎందుకు అడుగుతున్నాడో అర్థం కావడం లేదు. అడిగితే నవ్వి వెళ్ళిపోయాడు.

30 జూన్, శనివారం

ఈ రోజు అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

వేసవిలో ఎవరో టేపు రికార్డరు ఉన్నాయన వీళ్ళ పాటలు పట్టి మెడ్రాసు తీసుకెళ్ళాడట. కంపెనీ వాళ్ళకి వినిపించాడట. నచ్చితే ఈ నంబరుకే చేస్తామన్నారట. గణపతిరావు ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు.

అసలు సంగతి వేరే ఉంది. బంగార్రాజుకి విశాఖ పోర్టులో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు ఒకటిన చేరాలి. పరదేశి మావగారు పొలం సూసుకో, ఈ డప్పులేటి అని గొడవ. నలుగురూ కూచుని మాటనుకున్నారు. రికార్డు వస్తే ఎవరూ ఎక్కడికీ పోరు, పోర్టు ఉద్యోగం కూడా వదిలేస్తాడు. ఆగస్టు సగానికల్లా కబురు రాకపోతే పార్టీ ఆపేస్తారు. రికార్డొకటి ఉంటే మాం నిజంగా ఉన్నట్టు కదా బాబూ అన్నాడు గణపతిరావు.

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. ఇంకా ఆరు రోజులే కదా, ఆరో తారీఖున ఎలాగూ ఫోన్ వస్తుంది, అప్పుడు పిలిస్తే నా అబద్ధం బయటపడకుండా పని జరిగిపోతుంది అనుకున్నాను. అబద్ధానికి కూడా వాయిదా.

6 జూలై, శుక్రవారం

భోజనానికి వెళ్ళలేదు. ఒంటికి కూడా పోలేదు. రెండుసార్లు మోగింది. ఒకటి కె.కోటపాడు నించి, గట్టు తగాదా. ఇంకోటి రాంగ్ నంబరు.

9 జూలై

మోగలేదు.

12 జూలై, సాయంత్రం

పొద్దున్నే ప్లీడరు గారు కోర్టుకి వెళ్ళగానే ట్రంక్ కాల్ బుక్ చేశాను. నాలుగూ పదికి లైను దొరికింది.

ఆయనే ఎత్తాడు. గుర్తుపట్టాడు. గణపతిరావు వచ్చేశాడండీ అన్నాను. లేటైపోయిందండీ అన్నాడు. స్టూడియో వాళ్ళకి ఖాళీ ఉన్నది జూన్ ఆఖరి వారమేనట. ఆ తేదీలు వేరే పార్టీకి ఇచ్చేశారు.

నేను ఫోన్ పెట్టేస్తే సరిపోయేది. ఆయనే చెప్పుకుపోయాడు. ఆ టేపు ఆఫీసులో రెండుసార్లు వేసుకున్నారట. నలుగురినీ పిలుద్దామనుకున్నారట, వాళ్ళ గిటార్లతో, వాళ్ళ డ్రమ్ములతోనే. రెండు పాటలు, ఒక్క మాట మార్చకుండా. పాటలో ఎడ్లు నిలబడిపోయే చోట డ్రమ్ము వాయించే అబ్బాయి చటుక్కున ఆపేస్తాడు చూడండి, అక్కడ మా వాళ్ళందరూ తలెత్తారండీ అన్నాడు.

నలుగురినీ.

ఇంకో తేదీ ఇప్పించండి అని బతిమాలాను. మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఓడిపోయిన క్లయింటుకి మేము చెప్పేదీ అదే. మూడు నిమిషాలైంది అని ఆపరేటరు కోసేసింది.

ఆలస్యం అమృతం విషం అని ఎన్నిసార్లు కాపీరాతలో రాయించి ఉంటారు నా చేత, చిన్నప్పుడు.

18 జూలై

గణపతిరావు మళ్ళీ వచ్చి, ఫోనేటైనా వచ్చిందా అన్నాడు. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలీదు.

2 ఆగస్టు

అన్నం సహించడం లేదు. కమలాంబ డాక్టరు దగ్గరికి పదమంటోంది. ఆ కుర్రాళ్ళు మానేస్తారేమోననేగా ఈ దిగులు, పెళ్ళయి పోయే ఆడపిల్లకైనా ఇంత బెంగ పెట్టుకోరు అంది. ఆమెకి కూడా చెప్పలేదు. చెబితే ముందు నా మొహం చూస్తుంది.

15 ఆగస్టు

ఆపేశారు. గణపతిరావు వచ్చి చెప్పాడు. ఇంక ఫోను గురించి అడగలేదు.

19 ఆగస్టు, ఆదివారం

ఆఖరి ప్రోగ్రాము అయిపోయింది.

సాయంత్రం కరెంటు కోత కాబట్టి మధ్యాహ్నం రెండింటికే పెట్టారు. వాళ్ళు ప్రాక్టీసు చేసుకునే బెల్లం గోదాములో. రేకుల కప్పు, ఉక్క, కాళ్ళకి చీమలు. అయినా జనం నిండిపోయారు. రావికమతం నించి కూడా వచ్చారు. ఆ బెడ్డ విసిరిన మేనమామ వచ్చాడు! ముందు వరసలో కూచున్నాడు. సినిమా పాట అని ఒక్కడూ అరవలేదు. ఇన్నేళ్ళూ ఈ బుద్ధి ఏమైందిరా మీకు అని అడగాలనిపించింది.

పద్నాలుగు పాటలు పాడారు. మధ్యలో గణపతిరావు నన్ను ముందుకి పిలిచాడు. కొత్త తువ్వాలు భుజాల మీద కప్పాడు. ఈ బాబు నేకపోతే మా పార్టీకి సెవులే నేవు, ఏ ఊరు పిలిసినా పరిగెట్టుకొచ్చి మాకు సెప్పేరు అని మైకులో అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను దణ్ణం పెట్టాను. సిగ్గు లేకుండా పెట్టాను.

ఆఖరున చెరుకు బండి పాట. ఎడ్లు నిలబడ్డ చోట బంగార్రాజు ఆపాడు. నలభైసార్లు పైనే విన్నాను ఆ పాట, అక్కడ ఆగుతుందని నేను ఏనాడూ పట్టించుకోలేదు. మెడ్రాసులో ఎవడో ఒక్కసారి విని పట్టుకున్నాడు. నేనేం అభిమానిని?

చుట్టూ జనం ఏడుస్తున్నారు. నాకు రాలేదు. ఏడవడానికి నాకు హక్కు లేదు.

23 ఆగస్టు, గురువారం

చెప్పేశాను.

మిగిలిన కార్డులు ఇచ్చేయడానికి గణపతిరావు వచ్చాడు. ఎవలైనా పిలిస్తే నేరని సెప్పండి అన్నాడు. నేను లేచి నించుని మొత్తం చెప్పాను. జూన్ ఇరవై ఒకటి, పదిహేను రోజులు, నేను బుక్ చేసిన కాల్, ఆయన అన్నవన్నీ. సాక్షి బోనులో చెప్పినట్టు వరసగా.

క్లయింట్ల బెంచీ మీద కూలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. చేతిలోని కార్డుల కట్ట పక్కన పెట్టాడు. తర్వాత, ఆయన పాట పేరెట్టి అడిగేడా అన్నాడు. అవునన్నాను. నలుగురినీ అన్నాడా. అన్నాడు. బంగార్రాజు ఆపిన సోటు గురించి నిజంగా అన్నాడా, మీరు కల్పించి సెప్తన్నారా. నిజంగానే అన్నాడురా అన్నాను. మళ్ళీ సెప్పండి అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఇంకోసారి అన్నాడు. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాడు.

గుమ్మం దాటబోతూ ఆగాడు. నన్నొక్కడినే రమ్మంటే నానెల్లిపోతాననుకున్నారా అన్నాడు.

అనుకున్నాను. నాలుగేళ్ళు వాళ్ళ వెనకాల తిరిగి కూడా అనుకున్నాను.

26 ఆగస్టు, ఆదివారం

ఆఫీసుకి సెలవు. గణపతిరావు వాళ్ళు ఇంటికొచ్చి నన్ను పిలిచి ఆఫీసు తాళం తీయించారు. నలుగురూ బెంచీ మీద వరసగా కూచున్నారు. నన్ను నా కుర్చీలో కూచోమన్నారు. ఈళ్ళు ఇన్నేదు, ఆయనెలా అన్నాడో అలాగే సెప్పండి అన్నాడు గణపతిరావు.

ఫోను బల్ల మీద ముందుకి జరిపాను. హలో, మెడ్రాసు నించి మాట్లాడుతున్నాం, మీ నలుగురూ కావాలి అన్నాను.

బంగార్రాజు లేచి నించున్నాడు. ఎప్పుడు రమ్మంటారండీ అన్నాడు.