ఫోటో మూలన వేలు

చెల్లాయికి,

ఫోన్లో చెబితే మధ్యలో నువ్వేదో అని నవ్విస్తావు, నేను అసలు విషయం మింగేస్తాను. అందుకే ఈ ఉత్తరం. ఆఫీసుకి సెలవు పెట్టి, జిగురు మరకలు పోని వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

అమ్మ ఎలా ఉంది? కళ్ళజోడు మార్పించావా? నా సంగతంటావా, అలిసిపోయానే. పడుకుంటే తీరే అలసట కాదు.

నాన్న పోయాక ఊరికే ఉండలేక ఆయన ఫోటో ఒకటి చెక్క మీదకి ఎక్కించాను. అది చూసిన దగ్గర్నుంచి చుట్టాలందరూ వరస కట్టారు. బాబాయికి టైలు మీద కావాలి. అత్తయ్యకి దిండు గలీబు మీద కావాలి, దాన్ని ఇస్త్రీ పెట్టెతో అద్దాను. పిన్ని కూతురికి గాజు సీసా మీద కావాలి, లోపల దీపం కూడా వెలగాలట. ఆయన మంచంలో ఉన్నప్పుడు పక్కన ఒక్క పూట కూర్చోవడానికి తీరిక లేనివాళ్ళకి ఇప్పుడు కప్పు మీద ఆయన మొహం లేనిదే కాఫీ కూడా గొంతు దిగడం లేదు.

పైగా "నీకేం, చిటికెలో పని" అంటారు. ఆ చిటికె ఏమిటో చెబుతాను విను. ముందు ఫోటోని కంప్యూటర్లో కుడిఎడమలు తిప్పాలి. పొడి సిరా వాడే లేజర్ ప్రింటర్లో, మామూలు కాగితం మీద తియ్యాలి. తడి సిరాదైతే నీళ్ళు తగలగానే మొహమంతా అలుక్కుపోతుంది. చెక్కని నున్నగా గీకి, జిగురు సమంగా రాసి, కాగితాన్ని బోర్లా పరిచి, ఒక్క బుడగ లేకుండా అదమాలి. మర్నాటి దాకా ముట్టుకోకూడదు. తర్వాత తడి స్పాంజితో నానబెట్టి వేలికొసలతో మెల్లగా రుద్దుతూ ఉంటే కాగితం నలుసులు నలుసులుగా ఊడివస్తుంది, సిరా మాత్రం చెక్కని పట్టుకుని ఉండిపోతుంది. తొందరపడ్డామా, కాగితంతోపాటు ముక్కు కూడా ఊడొస్తుంది. ఆరాక మళ్ళీ తెల్లటి పొర తేలుతుంది. మళ్ళీ తడపాలి, మళ్ళీ రుద్దాలి. నాన్న బతికుండగా ఆయన బుగ్గలు ఎన్నడూ నిమిరి ఎరగను. ఇప్పుడు రోజూ అదే పని.

రుద్ది రుద్ది నా వేళ్ళు అరిగిపోయాయి. ఆఫీసు గుమ్మం దగ్గర హాజరు యంత్రం నా బొటనవేలిని గుర్తించడం మానేసింది. ఎర్రదీపం వెలిగించి "మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. వెనక వరసలో వాళ్ళు గొణుగుతారు. మేనేజరుగారు "ఏమ్మా, ఇంట్లో అంట్లు ఎక్కువా?" అని తన జోకుకి తనే నవ్వుకుంటాడు.

ఇదంతా నీకు చెప్పాలనుకున్నది కాదు. కిందటి వారం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, కొత్తింటి హాల్లోకి పెద్ద చెక్క మీద మన ఫోటో చేసిపెట్టవూ? మెట్ల మీద దిగామే, అదే. అందులో అందరం ఉన్నాం" అన్నాడు. సరేనన్నాను. చెక్క కొన్నాను, గరుకు కాగితంతో గీకాను. కంప్యూటర్లో దాచుకున్న ఫోటో తెరిచాను. మూలన ఎప్పటిలాగే నా వేలు కెమెరాకి అడ్డమొచ్చి ఎర్రటి ముద్దలా పడింది కదా, ఎప్పటిలాగే ఆ మూల కత్తిరించేశాను. అప్పుడు చూశాను. నాన్న, అమ్మ, నువ్వు, పిండికట్టు చేత్తో నాన్న భుజాలెక్కి తమ్ముడు. అందరూ ఉన్నారు. మరి నేనెక్కడున్నానే?

"పెద్దదాని చెయ్యి కదలదు" అని నాన్న ఎప్పుడూ కెమెరా నాకే ఇచ్చేవాడు. నేనూ పొంగిపోయేదాన్ని. ఇప్పుడు పాత ఫోటోలన్నీ తిరగేశాను. నాన్నతో కలిసి నేనున్నది ఒక్కటి లేదు. ఎంత వెతికినా లేదు. ఆ సంగతి తమ్ముడికి తట్టనైనా లేదు. వాడి మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఇంతమందికి ఇన్నిటి మీద నాన్నని అద్ది ఇచ్చాను, నాకు మాత్రం ఆయన పక్కన చోటు లేకపోయింది.

ఆ చెక్క నేను చెయ్యను. ఇక దేని మీదా ఎవరి మొహమూ అద్దను. ప్రింటరు అమ్మేస్తున్నాను. వాళ్ళు కొత్తింట్లో చేరే రోజున కూడా రాను. వస్తే మళ్ళీ కెమెరా నా చేతికే ఇస్తారు. తమ్ముడికి ఏం చెబుతావో నీ ఇష్టం.

అలిసిపోయిన
నీ అక్క

---

అక్కా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. తమ్ముడికి నేనేమీ చెప్పలేదు. ఆ చెక్క నేనే చేసేసి నువ్వు పంపావని ఇచ్చేద్దామనుకున్నాను. పద్ధతంతా నీ ఉత్తరంలో ఉంది కదా, ఇందులో బ్రహ్మవిద్య ఏముందని మొదలుపెట్టాను.

అమ్మ బీరువాలోంచి అసలు ఫోటో తీసి, వీధి చివర జిరాక్సు షాపులో పెద్దది చేయించాను. కుడిఎడమలు తిప్పమన్నావు. చదివినప్పుడు బుద్ధిగా తలూపాను, షాపుకెళ్ళాక శుభ్రంగా మర్చిపోయాను. తమ్ముడి పిండికట్టు రెండో చేతికి మారింది. నాన్న చొక్కా జేబు కుడివైపుకొచ్చింది. పైగా తొందరపడ్డానేమో, సరిగ్గా నా ముక్కే ఊడొచ్చింది. మా ఆయన చూసి, "ఎవరో నీ పోలికే, పాపం ముక్కు లేదు" అన్నాడు.

విసుగొచ్చి చెత్తబుట్ట పక్కన పడేస్తే అమ్మ తీసింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. నాన్న జేబు గురించి అడుగుతుందని భయపడుతున్నాను. అమ్మ మూలనున్న ఆ ఎర్రటి ముద్ద మీద చెయ్యి వేసి, "ఇదిగో, పెద్దది" అంది.

"అది ఫోటో పాడైన చోటమ్మా" అన్నాను.

"పాడవడమేంటే? అది దాని వేలు. మీరు వెక్కిరిస్తే అది ఉడుక్కునేది గానీ, మీ నాన్నకి ఆ వేలంటే ఎంత ఇదనుకున్నావ్! మంచాన పడ్డాక కూడా ఈ ఫోటో తెప్పించుకునేవాడు. ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, చివర్న ఇక్కడ వేలు పెట్టి, 'ఇది పెద్దది, అందరం ఉన్నాం' అనేవాడు."

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి, "మెట్ల ఫోటోలో అక్క ఎక్కడుందిరా?" అని అడిగాను. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మూలన వేలు లేదూ? అదే కదా అక్క! ఏం, అట్లా అడుగుతున్నావ్?" అన్నాడు. ఆ ఫోటోలో నా మొహం తప్ప ఇంకేం చూడని మనిషిని, నాకే తెలియలేదు.

ఆ తర్వాత అమ్మ లేచి, నువ్వు మాకు పంపిన గలీబూ కప్పూ అన్నీ తీసి చూసింది. "వీటిలో దాని వేలు ఏదే? ఎవరు కోసేశారు?" అంది. నేనేం చెప్పను? నువ్వే చెప్పు.

ముక్కులేని
నీ చెల్లి

---

చెల్లాయికి,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. అదే పొరపాటు. కంట్లో నలుసు పడిందని అందరికీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రింటరు కొనడానికి వచ్చినాయన్ని మంచినీళ్ళిచ్చి పంపేశాను. అలసట తీరిపోయిందనుకోకు. చుట్టాలకి ఇక చెయ్యను. కావాలంటే నువ్వు నేర్పు, అందరూ ముక్కులు పోగొట్టుకుంటారు.

తమ్ముడి చెక్క ఒక్కటి చేశాను. ఈసారి మూల కత్తిరించలేదు. అందరి మొహాలూ తేలాక చివరికి ఆ మూల మిగిలింది. నా వేలిని నా వేలితోనే రుద్దాను. నెమ్మదిగా రుద్దాను, ఎంతసేపు పట్టినా విసుగు రాలేదు. ఎవరు కోసేశారని అమ్మ అడిగిందిగా, నేనేనని చెప్పు. పాడైందనుకుని కోసేశానని చెప్పు. హాజరు యంత్రం ఇవాళ కూడా నన్ను గుర్తుపట్టలేదు. నాన్న గుర్తుపట్టాడు, చాలు.

నువ్వు చేసిన చెక్క పారెయ్యకు, అది నాకు కావాలి.

తమ్ముడు కొత్తింట్లో చేరే రోజున వస్తాను. కెమెరా నువ్వు పట్టుకో. నేను అమ్మ పక్కన నిలబడతాను. మూలన వేలు అడ్డం పెట్టడం మాత్రం మర్చిపోకు, లేకపోతే అందులో నువ్వుండవు.

నీ అక్క