బండ కింది దెబ్బలు

చెల్లీ దమ్యానా, ప్రభువు మీ గడప మీద చేయి ఉంచుగాక. కైరోలో నేను క్షేమం.

శనివారం క్వారీ వాళ్లు తెచ్చే కాగితం మీద మన తమ్ముడు బిషోయ్ భార్యను వేలిముద్ర వేయనివ్వకు. బండ పడగానే వాడు పోయాడని అందులో రాశారు. అబద్ధం.

ఇక్కడ రాండా అనే అమ్మాయి, ఆమె స్నేహితులు ఊరూరా చప్పుళ్లు రికార్డు చేసి, అందరూ కూర్చుని విని, తమ చిన్న రేడియోలో వేస్తారు. మన కొండ చప్పుళ్ల టేపూ ఉందంటే నిన్న మధ్యాహ్నం వెళ్లాను.

"బోధకుడు మామా, ఇక్కడ ప్రసంగాలు కుదరవు. నోటికి సెలవిచ్చి చెవులు తెరవండి" అని వాళ్లు నవ్వారు.

టేపులో మూడు దెబ్బలు, ఆగి ఒకటి. మళ్లీ మూడు, ఒకటి. క్వారీలో చిక్కుకున్నవాడు బతికున్నానని కొట్టే పిలుపు అది! లేచి ఆ మాటే వాళ్లకు అరిచి చెప్పాను.

"ఎప్పుడు తీశావమ్మా ఇది?"

"బండ పడిన వారమే, బుధవారం. కొండ అవతలి వైపు రాతికి మైకు ఆనించాను మామా. కొండ గుండె చప్పుడనుకుని రోజూ రేడియోలో వేస్తున్నాం" అని రాండా ఏడ్చింది.

సోమవారం బండ పడింది. వాడి కోసం తవ్వడం మంగళవారం ఆపేస్తామని క్వారీ వాళ్లంటే తలూపింది నేనే. తమ్ముడి రక్తం నేలలోంచి మొరపెడుతుందని లేఖనం చెబుతుంటే నేను చెవులు మూసుకున్నాను.

అమ్మ కాళ్ల వాపు తగ్గిందా? పావురాలకు గింజలు వేస్తున్నారా? ఆదివారం టేపుతో వస్తాను. అమ్మకు నేనే చెబుతాను, నువ్వు నోరు విప్పకు.

ఆ బుధవారం, పోయినవాళ్లకు చేసే మూడో రోజు ప్రార్థనలో, దేవుని చిత్తానికి తల వంచమని మీకు బోధించాను. అప్పటికి వాడు కొడుతూనే ఉన్నాడు.

పిల్లలకు నా దీవెనలు. నా కోసం మోకరించు.

మీ అన్న తాద్రుస్